మరణదండన: ఉంచదగునా, ఎత్తివేయదగునా?

ప్రాణము తీయుట మహానేరమని శాసించు ప్రభుత్వము తానే ప్రాణము తీయవచ్చునా? ఈ ప్రశ్న పాఠశాలల వక్తృత్వ సభలలో తరచుగా చర్చకు వచ్చునదియే. అట్టి సభలయందు ఒక పక్షమువారు హతుని బంధువుల కన్నీటిని వర్ణింతురు. రెండవ పక్షమువారు అహింసాధర్మమును కీర్తింతురు. సభ చప్పట్లు కొట్టి లేచిపోవును. మన ప్రాంతమున నిజముగా జరిగిన సంగతులను ఎదుట నుంచుకొని వాదించువారు మాత్రము అరుదు. దూరదేశముల దృష్టాంతములకంటె ఇంటిముంగిటి దృష్టాంతము విద్యార్థికి ఎక్కువ మేలు చేయును. కావున ఈ వ్యాసమునందు మొదట చట్టము చెప్పునది వివరించి, పెద్దల గ్రంథములలోని అభిప్రాయములను స్మరించి, పిమ్మట పొన్నూరునకు చేరువలో జరిగిన రెండు ఘోరకృత్యములను, వానిపై న్యాయస్థానములు చేసిన పనిని పరిశీలించి, తుదకు మాకు తోచిన నిర్ణయమును విన్నవింతుము.

చట్టము నడచిన దారి

మరణదండన యనగా న్యాయస్థానము విచారణ జరిపి, నేరము రుజువైనదని నిర్ణయించి విధింపగా, ప్రభుత్వము అమలుజరుపు శిక్ష. జనులు గుంపుగూడి కొట్టి చంపుట గాని, పోలీసువారు కాల్చి చంపుట గాని ఇందులో చేరవు. మన దేశమున సాధారణముగా ఈ శిక్షను ఉరితీయుట ద్వారా నెరవేర్తురు.

1860 నాటి భారత శిక్షాస్మృతి హత్యకు మరణమును గాని, యావజ్జీవ ద్వీపాంతరవాసమును గాని విధింపవచ్చునని చెప్పెను. ఆ రెంటిలో దేనిని ఎన్నుకొనవలెనను విషయమున చట్టము మనస్సు క్రమక్రమముగా మారుచు వచ్చినది. 1898 నాటి నేరవిచారణ స్మృతి ప్రకారము, మరణదండనకు తగిన నేరమున న్యాయాధిపతి ఉరి వేయక మరియొక శిక్ష వేసినచో, ఏల వేయలేదో కారణము వ్రాయవలసి యుండెను. అనగా ఉరి నియమము. ప్రాణము నిలుపుట దానికి మినహాయింపు. 1955లో ఆ నిబంధనను తొలగించిరి. 1973 నాటి స్మృతి త్రాసును రెండవ వైపునకు మొగ్గజేసెను: ఇకమీదట ఉరి వేసినచో ప్రత్యేక కారణములు వ్రాయవలెను. 1980 మే నెలలో బచన్ సింగ్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు ధర్మాసనము, మరణదండన రాజ్యాంగవిరుద్ధము కాదనియు, అయినను అత్యంత అరుదైన సందర్భములలో, మరియొక మార్గము నిస్సంశయముగా మూసికొనిపోయినప్పుడు మాత్రమే విధింపవలెననియు తీర్పు చెప్పెను. ఐదుగురు న్యాయమూర్తులలో పి. ఎన్. భగవతి ఒక్కరు మాత్రము ఏకీభవింపలేదు. 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితయందును హత్యకు మరణము గాని, యావజ్జీవ శిక్ష గాని అను పాత విధానమే నిలిచియున్నది.

సెషన్సు కోర్టు విధించిన మరణదండనను హైకోర్టు ఖాయపరుపనిదే అమలుజరుపరాదు. అటుపిమ్మట సుప్రీంకోర్టు కలదు. అదియు త్రోసివేసినచో రాజ్యాంగము 161వ అధికరణము క్రింద గవర్నరునకును, 72వ అధికరణము క్రింద రాష్ట్రపతికిని క్షమాభిక్ష పత్రము పంపుకొనవచ్చును. ఇన్ని తలుపులు ఏల పెట్టిరి? పోయిన ప్రాణము తిరిగి రాదను భయమే దానికి కారణము. చట్టమే తన చేతిని ఇన్ని పర్యాయములు అనుమానించు శిక్ష మరియొకటి లేదు.

పెద్దల మాట

ఈ సందేహము పాశ్చాత్యులు మనకు నేర్పినది కాదు. వ్యాసభారతము శాంతిపర్వమునందు ద్యుమత్సేన మహారాజునకును, అతని కుమారుడైన సత్యవంతునికిని ఈ విషయమై జరిగిన సంవాదము కలదు. సావిత్రి పతియైన ఆ సత్యవంతుడే! తండ్రి యాజ్ఞచే వధ్యస్థానమునకు కొనిపోబడుచున్నవారిని చూచి అతడు అడ్డుపడెను. దొంగను ఒక్కని చంపినను అతని తల్లి, తండ్రి, భార్య, బిడ్డలు కూడ చచ్చినవారితో సమానులగుదురనియు, దుష్టుడు సైతము సజ్జన సాంగత్యమున మారవచ్చుననియు, అతనికి పుట్టిన సంతానము మంచిది కావచ్చుననియు వాదించెను. లోకము చెడిపోయినప్పుడు దండన కఠినము గాక తప్పదని తండ్రి బదులుచెప్పెను. నేటికిని మన వక్తృత్వ సభలలో జరుగునది ఆ తండ్రికొడుకుల వాదమే.

కౌటిల్యుడు మరణదండనను అంగీకరించిన వాడు. అయినను మితిమీరిన దండన ప్రజలను కలవరపెట్టుననియు, మిక్కిలి మెత్తని దండన రాజును చులకన చేయుననియు, తగినంత దండనయే గౌరవింపబడుననియు అర్థశాస్త్రమున హెచ్చరించెను. బైబిలు ఆదికాండమునందు మొదటి హంతకుడైన కయీనును ఎవరును చంపకుండ దేవుడు అతనికి గురుతు వేసిన వృత్తాంతమును, నరుని రక్తము చిందించిన వాని రక్తము నరుని చేతనే చిందింపబడునను శాసనమును, రెండును కలవు. కావున గ్రంథములలో నుండి తనకు అనుకూలమైన వాక్యము నేరుకొని వాదము ముగిసినదనుకొనుట తగదు. బుద్ధితో విచారింపవలసినదే.

మన దేశ నాయకులును ఈ విచారణ చేసిరి. 1931 మార్చి 23న భగత్ సింగ్ ప్రభృతులు ఉరితీయబడిన కొద్ది దినములకే కరాచీలో కూడిన కాంగ్రెసు మహాసభ, ప్రాథమిక హక్కుల తీర్మానములో మరణదండన ఉండరాదని చేర్చెను. 1949 జూన్ 3న రాజ్యాంగ పరిషత్తునందు డాక్టరు అంబేద్కరు, మరణదండన కేసులలో అప్పీళ్ల సంగతి చర్చించుచు, అసలు ఆ శిక్షనే తీసివేయుట తనకు సమ్మతమని తెలియజేసెను. అయినను స్వతంత్ర భారతము దానిని ఉంచుకొనెను.

ఉంచవలెనను వారి వాదము

ఏ వాదమునైనను ఖండింపబూనుటకు ముందు దానిని బలముగా చెప్పుట న్యాయము. మరణదండన ఉండవలెనను వారు ముఖ్యముగా నాలుగు మాటలు చెప్పుదురు.

మొదటిది, భయము. ప్రాణముకంటె ప్రియమైనది లేదు గనుక, ప్రాణము పోవునను భయమే హంతకుని చేతిని ఆపునని వీరి విశ్వాసము. రెండవది, తగిన ప్రతిఫలము. నిర్దోషులను పలువురిని క్రూరముగా చంపినవాడు జైలులో పూటపూటకు అన్నము తినుచు బ్రతికియుండుట న్యాయమునకే వెక్కిరింతగా నుండునందురు. మూడవది, క్షేమము. జైలునుండి విడుదలయైనవాడు మరల చంపడని పూచీ ఎవరు పడుదురు? నాలుగవది, హతుని కుటుంబము. ప్రభుత్వము తగిన శిక్ష వేయనిచో జనులే కత్తులు చేతబట్టుదురనియు, పగలు తరతరములు నడచుననియు చెప్పుదురు.

ఈ నాలుగింటిలో ఒక్కటియు తేలికగా త్రోసివేయదగినది కాదు. 1967లో లా కమిషను తన 35వ నివేదికయందు, దేశము వైశాల్యమును, జనుల స్థితిగతులలోని భేదములను ఆలోచించి, మరణదండనను తీసివేయు సాహసము చేయరాదనియే సలహా చెప్పెను. అదే కమిషను 2015 ఆగస్టులో సమర్పించిన 262వ నివేదికయందు, ఉగ్రవాద నేరములకును, దేశముపై యుద్ధము చేయు నేరమునకును తప్ప, తక్కిన నేరములన్నింటికిని దానిని ఎత్తివేయవలెనని సిఫారసు చేసెను. ఈ మధ్యకాలమున ఏమి జరిగెను? దానిని తెలిసికొనుటకు మన సీమకే వత్తము.

చిలకలూరిపేట బస్సు

1993 మార్చి 8వ తేదీన హైదరాబాదునుండి చిలకలూరిపేటకు వచ్చుచున్న ఆర్టీసీ బస్సును దోచుకొనదలచి ఇద్దరు యువకులు అందులో ఎక్కిరి. బస్సులో పెట్రోలు చల్లి నిప్పంటించిరి. 23 మంది ప్రయాణికులు ప్రాణములు కోల్పోయిరి. పేటకు రాకపోకలు చేయు మన రైతులకును, వర్తకులకును ఆ వార్త ఎట్టి భీతిని కలిగించినదో చెప్పనక్కరలేదు. ఎవరి పగతోను సంబంధము లేనివారు, టిక్కెట్టు కొని కూర్చున్నవారు, ఇల్లు చేరకయే కాలిపోయిరి. మరణదండన వలదను వారెవ్వరైనను ఈ 23 మందిని మరచి మాట్లాడుటకు అర్హులు కారు.

1995లో గుంటూరు సెషన్సు కోర్టు ఆ యిద్దరికిని మరణదండన విధించెను. హైకోర్టు ఖాయపరచెను. దోచుకొనుటయే తమ ఉద్దేశముగాని చంపుట కాదని ముద్దాయిల పక్షమున చేసిన వాదము ఫలింపలేదు. 1996 ఆగస్టులో సుప్రీంకోర్టు కూడ ఆ శిక్షనే నిలిపెను. రాష్ట్రపతి శంకర్ దయాళ్ శర్మ క్షమాభిక్షను నిరాకరించిరి. 1997 మార్చి నెలాఖరున రాజమహేంద్రవరము కేంద్ర కారాగారమునందు ఉరితీయుటకు దినము నిర్ణయమయ్యెను. ఆ యిద్దరును పేద దళిత కుటుంబములవారు. పౌరహక్కుల సంఘములవారును, రచయితలును, దళిత సంఘములవారును శిక్ష తగ్గింపవలెనని ఆందోళన చేసిరి. చివరి ఘడియలలో సుప్రీంకోర్టు ఉరిని నిలుపుచేసెను. మరల పంపిన అర్జీని పరిశీలించి 1998లో రాష్ట్రపతి కె. ఆర్. నారాయణన్ మరణదండనను యావజ్జీవ శిక్షగా మార్చిరి.

ఇచ్చట విద్యార్థులు ఒక సంగతి గమనింపవలెను. నేరము మారలేదు, సాక్ష్యము మారలేదు, చట్టము మారలేదు. ఒక రాష్ట్రపతి వలదనిరి. మరియొక రాష్ట్రపతి కరుణించిరి. ఆ చివరి ఘడియలలో ఉత్తర్వు రాకపోయినచో రెండవ రాష్ట్రపతి కరుణకు తావే లేకపోయెడిది. అట్లు తావు లేకపోయినవారును కలరు. ఆదిలాబాదు జిల్లా రైతాంగ పోరాటములో పాల్గొన్న భూమయ్య, కిష్టాగౌడులు 1975 డిసెంబరు 1న, అత్యవసర పరిస్థితి నడచుచున్న కాలమున, హైదరాబాదు ముషీరాబాదు జైలులో ఉరితీయబడిరి. వారి ప్రాణరక్షణకై దేశమంతట విజ్ఞప్తులు వెలువడెను, ఫలము లేకపోయెను. మనుష్యుని ప్రాణము అతడు చేసిన పనినిబట్టి గాక, ఆ సంవత్సరము ఆ పీఠముపై కూర్చున్నవారినిబట్టి నిలుచుటయో పోవుటయో జరిగినచో, దానిని న్యాయమని ఎట్లు పిలువగలము?

చుండూరు

నిడుబ్రోలు స్టేషనులో రైలెక్కి తెనాలి వైపు పోవువారికి దారిలోనే చుండూరు తగులును. 1991 ఆగస్టు 6వ తేదీన ఆ గ్రామమున ఎనిమిదిమంది దళితులను అగ్రకులములవారు వెంటాడి చంపిరి. శవములను గోనెసంచులలో కట్టి తుంగభద్ర డ్రైనులో పడవైచిరి. చిలకలూరిపేట బస్సు దహనమునకు ఇది సుమారు ఏడాదిన్నర ముందు జరిగినది.

ఇప్పుడు రెండు కేసుల కాలమును ప్రక్కప్రక్కన పెట్టి లెక్కింతము. బస్సు కేసు 1993లో మొదలై, మూడు న్యాయస్థానములను దాటి, నాలుగేండ్లలో ఉరికంబము దాక చేరెను. చుండూరు కేసు 1991లో మొదలయ్యెను. గ్రామములోనే ప్రత్యేక న్యాయస్థానము నెలకొల్పి విచారించినను, మొదటి తీర్పు వెలువడునప్పటికి 2007 జూలై 31వ తేదీ వచ్చెను. అప్పటికి 16 సంవత్సరములు కడచినవి. 21 మందికి యావజ్జీవ శిక్షయు, 35 మందికి ఒక సంవత్సరము శిక్షయు పడెను. ఒక్కరికిని మరణదండన పడలేదు. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు ఆ శిక్షలన్నింటిని కొట్టివేసి అందరిని విడుదల చేసెను. ఆ తీర్పుపై అప్పీలు సుప్రీంకోర్టునకు చేరెను.

చుండూరు ముద్దాయిలను ఉరితీయవలసినదని మేము చెప్పుటలేదు. అట్లు చెప్పినచో మా వాదమునకు మేమే విరుద్ధులమగుదుము. మేము చూపదలచినది వేరు. ఒకే జిల్లాలో, ఒకే చట్టము క్రింద, రెండు సామూహిక హత్యలు. ఒకదానియందు చంపినవారు పేదలు, వెనుక నిలుచు బలగము లేనివారు. న్యాయయంత్రము వడివడిగా నడచినది. రెండవదానియందు చంపబడినవారు పేదలు. అదే యంత్రము పదునారేండ్లు ఈడ్చి, తుదకు హైకోర్టునందు నేరస్థుడన్నవాడే లేకుండ చేసినది. చట్టపుస్తకములో ఉరి యుండుట చుండూరు బాధితులకు ఏమి మేలు చేసినది? శిక్ష ఎంత కఠినమో అను ప్రశ్నకంటె, శిక్ష ఎవరికి పడును, ఎవరికి పడదు అను ప్రశ్నయే పెద్దది.

ఇది మన జిల్లా అనుభవము మాత్రమే కాదు. ఢిల్లీలోని జాతీయ న్యాయ విశ్వవిద్యాలయమువారు మరణదండన పడిన ఖైదీలను గూర్చి దేశమంతట పరిశోధించి 2016లో ప్రకటించిన నివేదిక ప్రకారము, ఆ ఖైదీలలో నూటికి 74 మంది ఆర్థికముగా దుర్బలులు. మంచి వకీలును పెట్టుకొనగల ధనవంతుడు సెషన్సు కోర్టులోనే తన కథను చక్కగా చెప్పించుకొనును. పేదవాని కథ, అతని బాల్యము, రోగము, పశ్చాత్తాపము, ఇవి ఏవియు న్యాయమూర్తి చెవిని పడకుండనే తీర్పు వెలువడుట కలదు.

భయము పని చేయునా?

ఉరి యున్నచో హత్యలు తగ్గునను మాటను అంకెలతో పరీక్షింపవచ్చును. తిరువాన్కూరు సంస్థానము 1944లో మరణదండనను ఎత్తివేసెను. భారత యూనియనులో కలిసిన పిమ్మట అచ్చట అది తిరిగి వచ్చెను. ఉరి లేని 1945 నుండి 1950 వరకు ఆ సీమలో జరిగిన హత్యలు 962; ఉరి తిరిగి వచ్చిన తరువాతి ఐదేండ్లలో జరిగినవి 967. ఉరివలన హత్యలు పెరిగినవని దీనినిబట్టి చెప్పరాదు. కాని ఉరి తొలగినంత మాత్రమున జనులు కత్తులు దూసికొని వీథులలో పడలేదని మాత్రము నిశ్చయముగా చెప్పవచ్చును. బ్రిటనులో 1965లో హత్యకు ఉరిని ఆపి, 1969లో శాశ్వతముగా తీసివేసిరి. ఆ దేశము అరాచకము కాలేదు. మన పొరుగుననున్న నేపాళము, భూటానములును మరణదండనను వదలుకొన్నవి.

దీనికి కారణము కష్టము లేకయే బోధపడును. హత్య చేయువారిలో పలువురు కోపావేశమునను, మద్యపు మైకమునను, పొలము గట్టు తగాదాలోను చేయుదురు. ఆ క్షణమున వారు శిక్షాస్మృతిని తలచరు. ముందుగా పన్నాగము పన్ని చేయువాడు దొరకననియే నమ్ముకొని చేయును. దొరకననుకొనువానికి ఉరియైనను, జైలైనను ఒక్కటియే. మిరపకల్లము దృష్టాంతము తీసికొందము. కల్లముమీద కావలి లేనప్పుడు జరిమానాను పదింతలు పెంచినను కాయలు పోవుచునే యుండును. కావలివాడు మెలకువగా నుండి, దొంగ తప్పక దొరకునను పేరు పడినచో, చిన్న జరిమానాయే చాలును. ఇటలీ దేశీయుడైన బెకారియా 1764లో వెలువరించిన తన గ్రంథమునందు బోధించిన సూత్రమిదియే: నేరమును ఆపునది శిక్ష యొక్క క్రౌర్యము కాదు, అది తప్పక పడునను నమ్మకము. ఆ గ్రంథ ప్రభావమున 1786లో టస్కనీ రాజ్యము మరణదండనను రద్దుచేసెను.

న్యాయస్థానములలో ఆలస్యమును చూచి విసిగినవారు తక్షణ మరణమును కోరుదురు. 2019 నవంబరులో హైదరాబాదు శివారున ఒక యువ వైద్యురాలిపై జరిగిన అత్యాచారము, హత్య దేశమునంతటిని కుదిపివేసెను. డిసెంబరు 6న అనుమానితులు నలుగురును పోలీసుల తుపాకులకు గురియైరి. పలుచోట్ల జనులు పూలు చల్లిరి. సుప్రీంకోర్టు నియమించిన విచారణ సంఘము 2022లో ఆ కాల్పుల కథను నమ్మదగినది కాదని తేల్చెను. విచారణ లేని మరణముపై ఇంత మోజు కలుగుటకు మూలము, విచారణపై నమ్మకము సడలుట. ఆ నమ్మకమును నిలబెట్టవలసినది త్రాటితో కాదు. నిజాయితీగల దర్యాప్తుతో, భయము లేని సాక్షులతో, ఆలస్యము లేని తీర్పులతో.

దిద్దుకొనలేని తప్పు

మనుష్యులు నడుపు ప్రతి పనియందును తప్పు జరుగును. న్యాయస్థానమును మనుష్యులు నడుపునదే. 2009లో మహారాష్ట్రకు చెందిన సంచారజాతివారైన ఆరుగురికి సుప్రీంకోర్టు స్వయముగా మరణదండనను నిర్ణయించెను. వారిలో ముగ్గురికి హైకోర్టు తగ్గించిన శిక్షను తిరిగి ఉరిగా పెంచెను. 2019 మార్చి 5న అదే సుప్రీంకోర్టు కేసును మరల పరిశీలించి, వారు నేరము చేసినట్లు రుజువు లేదని ఆరుగురిని నిర్దోషులుగా విడుదల చేసి, పరిహారము చెల్లింపుమని ఉత్తర్వు చేసెను. ఆ పదేండ్లలో ఉరి అమలుజరిగియుండినచో ఆ పరిహారమును ఎవరి చేతిలో పెట్టెడివారు? ఇంగ్లండునందు 1950లో తన బిడ్డను చంపెనను నేరమునకు ఉరితీయబడిన తిమోతి ఎవాన్సునకు 1966లో రాజక్షమాపణ లభించెను. అప్పటికి అతడు సమాధిలో పదునారేండ్లుగా నుండెను.

నిందితుడు నేరము చేసిన మాట నిజమైనప్పుడు కూడ శిక్ష విధించుటలో తప్పు జరుగవచ్చును. రాజస్థానమునకు చెందిన ఒక ఖైదీ 1996లో ఉరితీయబడెను. అతని విషయమున నేరస్థుని పరిస్థితులను పరిగణింపక, నేరమును మాత్రమే చూచి తీర్పు చేసిరనియు, అది బచన్ సింగ్ తీర్పునకు విరుద్ధమనియు 2009లో సుప్రీంకోర్టే ఒప్పుకొనెను. జైలులో నున్నవాడైనచో తలుపు తెరువవచ్చును. బూడిదయైనవానికి ఏ తలుపు తెరతుము?

మిగిలిన ఆక్షేపణలకు సమాధానము

అట్లయినచో ఘోరహంతకులను కొన్ని యేండ్లకే ఊరిలోనికి వదలిపెట్టుదుమా యని ప్రశ్నింతురు. అక్కరలేదు. 2008లో స్వామి శ్రద్ధానంద కేసునందు సుప్రీంకోర్టు, మరణదండనకు బదులుగా విడుదలకు వీలులేని దీర్ఘకాల కారాగారవాసమును, అవసరమైనచో బ్రతుకంతయు జైలులోనే గడపు శిక్షను విధింపవచ్చుననెను. 2015లో రాజ్యాంగ ధర్మాసనము ఆ మార్గమును స్థిరపరచెను. కావున సమాజక్షేమమునకు ఉరియే శరణ్యమను మాట నేడు నిలువదు.

హతుని కుటుంబము మాటయో? ఈ వాదము అన్నింటికంటె హృదయమును తాకునది. అన్నింటికంటె జాగ్రత్తగా వినవలసినది. బస్సులో భర్తను కోల్పోయిన స్త్రీకి, చుండూరులో కొడుకును కోల్పోయిన తల్లికి కావలసినవి ఏవి? జరిగినది జరిగినట్లు న్యాయస్థానమున తేలుట. చేసినవాడు చేసెనని పదిమంది యెదుట నిర్ణయమగుట. ఇంటికి ఆధారము కలుగుట. అట్టిది మరల జరుగదను ధైర్యము. ఉరి ఈ నాలుగింటిలో ఒక్కదానిని ఈయదు. పైగా అప్పీళ్లు, క్షమాభిక్షలు, నిలుపుదలలు సాగినంత కాలమును ఆ కుటుంబము పాతగాయమును రేపుకొనుచునే యుండవలెను. చుండూరు తల్లి పదునారేండ్లు కోరినది ఒక త్రాడు కాదు, ఒక తీర్పు.

ప్రతిఫలము న్యాయమనువారికి మేము చెప్పున దొక్కటే. ఇల్లు కాల్చినవాని ఇల్లు ప్రభుత్వము కాల్చదు. చేయి నరికినవాని చేయి నరుకదు. ఆ పద్ధతులను అనాగరికములని ఏనాడో విడిచిపెట్టితిమి. ప్రాణము విషయమున మాత్రము పాతలెక్కను ఏల పట్టుకొని వ్రేలాడవలెను? ప్రభుత్వము హంతకునికంటె ఉన్నతమైనదగుటచేతనే అతనికి తీర్పు చెప్పు అధికారము దానికి కలిగినది. అతని పనినే తానును చేసినచో ఆ ఔన్నత్యము తగ్గును గాని పెరుగదు.

నిర్ణయము

పై విచారణవలన మాకు తేలిన దేమనగా: శిక్షకు బలము రెండింటివలన కలుగును. అది తప్పక పడవలెను. అందరికిని సమముగా పడవలెను. మన జిల్లా చరిత్రయే సాక్ష్యముగా, మరణదండన తప్పక పడునది కాదు, సమముగా పడునదియు కాదు. పడినపిమ్మట దిద్దుకొనదగినదియు కాదు. 2020 మార్చి 20వ తేదీన కూడ తీహారు జైలులో నలుగురిని ఉరితీసిన దేశము మనది. కావున ఈ ప్రశ్న పాతపడలేదు. రేపు ఓటు వేయబోవు విద్యార్థులే దీనికి బదులు చెప్పవలసియున్నది. ప్రభుత్వములు మరణదండనను ఎత్తివేసి, ఘోరనేరములకు దీర్ఘ కారాగారవాసమును నిలిపి, త్రాటిపై పెట్టిన నమ్మకమును దర్యాప్తుపైనను, సాక్షుల రక్షణపైనను, పేదవానికి దొరకు వకీలుపైనను పెట్టవలెనని మా అభిప్రాయము.

దీనితో ఏకీభవింపని విద్యార్థులు ఉండవచ్చును, ఉండుట మంచిదే. వారు వక్తృత్వ సభయందు నిలిచినప్పుడు ఒక్క ప్రశ్నకు మాత్రము బదులు సిద్ధపరచుకొందురు గాక: నిడుబ్రోలునుండి ఒక వైపు చుండూరును, మరియొక వైపు చిలకలూరిపేటను చూచినప్పుడు, ఏ ఉరిత్రాడు ఆ రెండు ఊళ్లకును ఒకే న్యాయమును కొలిచి ఈయగలదు?